పూత గది కిటికీ

మా ఇంట్లో కుక్క లేదు. ఆ లోటు నా ముక్కు తీర్చేది. పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయని పెరట్లో ఉండగానే తెలిసిపోయేది. వాన వీధి చివరికి రాకముందే తీగ మీద బట్టలు తీసేసేదాన్ని. మా అల్లుడు వీధి మలుపు తిరక్కముందే తాగాడో లేదో అమ్మ చెప్పేస్తుందని మా అమ్మాయి అనేది. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే. గుమ్మం ఎక్కాక చెప్పేదాన్ని.

మాది చెక్క సామాన్లకు స్పిరిట్ పాలిష్ పట్టే ఇల్లు. లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానేసి, అందులో గుడ్డ ముంచి, చెక్క మీద పొర మీద పొరగా రుద్దాలి. మా ఆయన బతికున్నంత కాలం అదే పని చేశారు. ఆయన పోయాక ఆ గుడ్డ అల్లుడి చేతికొచ్చింది. ఇల్లరికం వచ్చినవాడు, మా ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. పిల్లనూ పనినీ ఒకే గుమ్మంలో సంపాదించుకున్నాడని వీధిలో వేళాకోళం చేసేవాళ్ళు.

ఇలాంటి ఇంట్లో తాగుబోతుకి ఒక సుఖం ఉంది. ఎప్పుడు వాసన కొట్టినా "పని వాసన అత్తయ్యా" అనొచ్చు. అతనూ అనేవాడు. కానీ పని వాసన చొక్కా చేతుల్లోంచి వస్తుంది, తాగిన వాసన మాటలోంచి వస్తుంది. అందుకని గుమ్మంలో అతన్ని ఏదో ఒకటి మాట్లాడించేదాన్ని. "వాన తగ్గిందా?" అని అడిగేదాన్ని. ఎండాకాలంలోనూ అదే ప్రశ్న. ఎందుకడుగుతున్నానో అతనికీ తెలుసు, అయినా నోరు విప్పక తప్పేది కాదు.

ఆ ఏడు వానలు మొదలవుతుండగా అతను డీ-అడిక్షన్ సెంటర్ నుంచి తిరిగొచ్చాడు. మొహం తేటపడింది. టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకోగలుగుతున్నాడు. అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో సెలవు పెట్టి వెళ్ళి తీసుకొచ్చింది. దారి పొడుగునా ఏం మాట్లాడుకున్నారో గానీ ఇద్దరూ నవ్వుతూ ఇంట్లోకి వచ్చారు.

అదే వారం లైబ్రరీ పని వచ్చింది. పైకప్పు కారి అక్కడి పొడవాటి చదువు బల్లలన్నీ మచ్చలు పడిపోయాయి. కప్పు బాగుచేయించారు, వానలు వెళ్ళాక మళ్ళీ తెరుస్తారట. అక్కడి పెద్దావిడని ఊరంతా ష్ మేడమ్ అంటారు. నలభై ఏళ్ళుగా జనాన్ని "ష్" అని గదిమి గదిమి మామూలు మాట కూడా గుసగుసగానే వస్తుంది ఆవిడకి. మా వసారాలో నిలబడి కూడా గుసగుసలాడింది.

"ఆ బల్లలు మీ ఆయన చేతి పని. మెషీన్‌తో కొట్టే మెరుపు నాకొద్దు. ఆ చెయ్యే కావాలి."

"ఆ చెయ్యి ఇదేనమ్మా," అని అల్లుడి చెయ్యి చూపించాను. అతను సిగ్గుపడ్డాడు.

బల్లలు దిగిన రోజే అతను లక్క సీసా మూత తీశాడు. సాయంత్రం గుమ్మం ఎక్కుతుంటే ఎప్పటిలాగే అడిగాను.

"వాన తగ్గిందా?"

"ఇవాళ తగ్గేట్టు లేదత్తయ్యా."

"తాగావు."

"పని వాసన..."

"నాతోనా?"

అతను అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడే దుకాణం నుంచి వచ్చిన అమ్మాయి అంతా విన్నది. అగ్గి మీద గుగ్గిలం అవుతుందనుకున్నాను. అవలేదు. కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకుంటూ చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"మొదటిసారి నిన్ను చేర్పించినప్పుడు ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు కూడా రావట్లేదు. ఇంకొక్కసారి తాగొచ్చావంటే నీ బట్టలు బ్యాగులో సర్ది గుమ్మంలో పెట్టేస్తాను. అమ్మ అడ్డమొచ్చినా ఆగను."

అమ్మ ఎందుకు అడ్డమొస్తుంది? ఆ పూట నన్నడిగితే బ్యాగు నేనే తెచ్చిచ్చేదాన్ని.

మర్నాడు పొద్దున్నే అతను పూత గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళట్లేదు, వెనక్కీ రావట్లేదు.

"సీసాలోది తాగలేదత్తయ్యా," అన్నాడు. "అది విషం, కళ్ళు పోతాయని మావయ్య మొదటి రోజే చెప్పారు. కానీ మూత తీయగానే నోరూరింది. మధ్యాహ్నం దాకా ఓర్చుకుని రుద్దాను. తర్వాత కాళ్ళు వాటంతటవే బయటికి నడిచాయి. ఇక ఈ గదిలోకి నేను రాలేను."

ఈ ఊళ్ళో అతని చేతికి సాటి చెయ్యి లేదు. ఈ గదిలోకి రాలేననడానికి అతనికి ఎంత కష్టమైందో గొంతులోనే తెలిసింది.

"మరి బల్లలు?"

"వెనక్కి పంపేద్దాం."

"మీ మావయ్య చేసిన బల్లల్ని మచ్చలతో వెనక్కి పంపుతావా? నేను పడతాను పాలిష్."

అంత దిగులులోనూ అతనికి నవ్వొచ్చింది. "మీకు గుడ్డ పట్టుకోవడం వచ్చా అత్తయ్యా?"

"కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను."

"సినిమాలు చూసినవాళ్ళంతా యాక్టర్లు కారండీ."

"అయితే నువ్వు నేర్పు. లోపలికి రాకుండానే నేర్పు. కిటికీ ఉందిగా."

పూత గదికీ వెనక వసారాకీ మధ్య పెద్ద అద్దాల కిటికీ ఉంది. వెలుతురు కోసం మా ఆయన పెట్టించింది. అది బిగిస్తే ఇటు వాసన అటు పోదు, అటు మాట ఇటు రాదు. వీధి వైపు తలుపు తెరిచి ఉంచితే గాలి అటు వెళ్ళిపోతుంది. ఆ రోజు నుంచి వసారాలో అతను గరుకు కాగితంతో చెక్కలు నున్న చేయడం, ఊగిపోతున్న కాళ్ళు బిగించడం. లోపల మా ఆయన పాత చొక్కా ఒకటి పైన తొడుక్కుని నేను. మధ్యలో అద్దం.

ఒకసారి అద్దం మీద తడితే నెమ్మదిగా అని. రెండుసార్లు తడితే గుడ్డ ఎత్తమని. గాల్లో చెయ్యి గుండ్రంగా తిప్పితే చుట్లు వేయాలి, నిలువుగా గీస్తే చెక్క గీత వెంట పోవాలి. అన్నిటికన్నా ముందు భోజనం దగ్గర కూర్చోబెట్టి నాచేత వల్లె వేయించిన సూత్రం ఒకటుంది. గుడ్డ బల్ల మీద ఆనిందంటే మధ్యలో ఆగకూడదు. ఆగితే కింది పొరకి అంటుకుని తోలు ఊడొస్తుంది. అంచు నుంచి ఎక్కాలి, అంచుకి చేరాకే దిగాలి.

మొదటి రోజే ఆగాను. చెమట తుడుచుకుందామని ఒక్క క్షణం ఆగానంతే, బల్లకి మోకాలు దోక్కుపోయినట్టు పుండు పడింది. అద్దం అవతల అల్లుడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండి, "నీ అద్దం తగలెయ్య, ముందు చెప్పొద్దూ" అని అరిచాను. అతను చెవికి చెయ్యి అడ్డం పెట్టి వినపడట్లేదన్నాడు. ఆ కిటికీ వల్ల ఒక మేలు జరిగింది. ఆ నెలల్లో నేను తిట్టిన తిట్లలో ఒక్కటీ అతని చెవిన పడలేదు.

ఇంకో పొద్దున చూస్తే ముందు రోజు పూసిన బల్లంతా పాలు ఒలికినట్టు తెల్లగా మసకేసి ఉంది. నేను స్టూలు మీద చతికిలబడ్డాను. పగలంతా పడ్డ కష్టం వానపాలు. భోజనాల దగ్గర అల్లుడు ధైర్యం చెప్పాడు.

"తేమకి అలా తెల్లబారుతుందండీ. గీకి పారేయక్కర్లేదు. కాస్త తెరిపిచ్చాక పల్చగా ఇంకో పూత వేస్తే అది కింది పూతని కరిగించి కలిపేసుకుంటుంది. స్పిరిట్‌కున్న మంచి గుణమది."

"స్పిరిట్‌కి మంచి గుణం కూడా ఉందన్నమాట," అంది అమ్మాయి.

అతను తల దించుకుని తిన్నాడు. అమ్మాయి అతని కంచంలో ఇంకాస్త కూర వేసింది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నేను వంగాను. నడుం పట్టేసేంత వంగాను. చుట్టు మీద చుట్టు, పొర మీద పొర, ఒకనాటి మధ్యాహ్నం మొదటి బల్లలో పైనున్న బల్బు కనపడింది. మసగ్గా కాదు, లోపలి తీగతో సహా. కిటికీ వైపు చూశాను. అల్లుడు ముక్కు అద్దానికి ఆనించి చూస్తున్నాడు. ఆ ముక్కు చప్పిడిగా అతుక్కుపోయి ఉంది. చేతిలో గరుకు కాగితం కింద పడేసి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. అమ్మాయి రాగానే చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి చూపించాడు, తనే చేసినంత సంబరంగా. నాకు ఎవరు మెచ్చుకున్నా అంత ఆనందం ఉండదు.

సాయంత్రాలు అతను పోస్టాయన దగ్గరికి వెళ్ళేవాడు. ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఒకప్పుడు తాగి ఒక వీధి ఉత్తరాలు ఇంకో వీధిలో పంచినవాడినని తనే చెప్పుకుంటాడు. ఆయన మేడ మీద గదిలో మానాలనుకునేవాళ్ళంతా కూడుకుని మాట్లాడుకుంటారు. అక్కడి నుంచి వచ్చాక గుమ్మంలో నా ప్రశ్న ఉండనే ఉంటుంది.

ఒక సాయంత్రం అతను నిలువునా తడిసి వచ్చాడు. నేను పూత గదిలోంచి అలాగే గుమ్మంలోకి వెళ్ళాను.

"వాన తగ్గిందా?"

"ఎక్కడండీ, కుండపోత."

గుప్పుమంది.

"తాగావు!"

పూర్వమైతే ఈ మాట అంటే గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకునేవాడు. తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్లు వేసేవాడు. ఆ రోజు "లేదత్తయ్యా" అని ఊరుకున్నాడు.

"నా ముక్కు అబద్ధం చెబుతుందా?"

అమ్మాయి గదిలోకి వెళ్ళి అలమర మీది బ్యాగు దింపింది. జిప్పు చప్పుడు విన్నాను. అల్లుడు ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడి, వంగి, మొహం మీద "హా" అని ఊదాడు. అమ్మాయి మళ్ళీ ఊదమంది. ఊదాడు.

"అమ్మా, ఏ వాసనా లేదే."

"నీకు జలుబు."

"నాకే జలుబూ లేదు. అసలు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతోంది, నీకు తెలియట్లేదా?"

తెలియట్లేదు. నాకు స్పిరిట్ తప్ప ఇంకేదీ తెలియట్లేదు.

"అత్తయ్యా, మీ చొక్కా చెయ్యి ఒకసారి చూసుకోండి," అన్నాడు అల్లుడు నెమ్మదిగా.

మా ఆయన చొక్కా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చొక్కా, వేళ్ళు, జుట్టు, అన్నీ అదే వాసన. గుప్పుమన్నది నేనే. తాడుని చూసి పామనుకోవడం విన్నాను గానీ, నా చేతిలో తాడు పట్టుకుని ఇంకొకరిని కాటేశావనడం ఎక్కడా వినలేదు.

"తప్పు నాది బాబూ," అన్నాను.

"పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారులెండి," అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

ఇంతకన్నా చిన్న మాటకి అలిగి ఎన్నిసార్లు బయటికి వెళ్ళి తాగొచ్చాడో! ఇవాళా వెళ్తాడని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. వెళ్ళలేదు. వసారాలో కూర్చుని, అప్పటికే నున్నగా ఉన్న బల్లకోడునే మళ్ళీ మళ్ళీ రుద్దాడు. అతన్ని చూసి నాకు మొదటిసారి గర్వం కలిగింది. అమ్మాయి మాత్రం బ్యాగుని అలమర మీద పెట్టలేదు. మంచం కిందికి తోసింది.

ఆ తర్వాత నాకు అసలు భయం పట్టుకుంది. నా ముక్కు పోయింది. అతను తాగొచ్చినా నేను కనిపెట్టలేను. అమ్మాయి ఇంటికి వచ్చేసరికి మొహం కడుక్కుని, నోట్లో ఏదో ఒకటి నములుతూ, ఒంట్లో బాగోలేదని ముసుగు పెట్టుకుంటే ఆమె కూడా కనిపెట్టలేదు. ఇంత కాలం ఈ ఇంటికి కాపలా నా ముక్కే. ఇప్పుడు అదీ లేదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. గుమ్మంలో ప్రశ్న అడగడం మానేశాను. అడిగి ఏం లాభం?

వానలు పల్చబడ్డాయి. చివరి బల్ల మీద చివరి పూత మిగిలింది. ఆ మధ్యాహ్నం పూర్తయిన బల్లలు ట్రక్కులో లైబ్రరీకి బయలుదేరితే, దగ్గరుండి దింపించడానికి అల్లుడు కూడా వెళ్ళాడు. ఇంకా వెలుగుండగానే తిరిగొచ్చినట్టున్నాడు. అద్దం మీద రెండు తట్లు వినపడ్డాయి.

గుడ్డ ఎత్తమని. నేను బల్ల నడిమధ్యన ఉన్నాను. నడిమధ్యన ఎత్తమనడు కదా ఇతను, అనుకుంటూనే తల అడ్డంగా ఊపి, గీత వెంట అంచుదాకా పోయి, అప్పుడు ఎత్తి చూశాను. అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి. వినపడట్లేదని చెవి దగ్గర చెయ్యి పెట్టాను. అప్పుడు అతను ఆ వానాకాలమంతా చెయ్యని పని చేశాడు. కిటికీ రెక్క లాగి తెరిచాడు.

"అత్తయ్యా, తాగాను."

నాకు ఏ వాసనా రాలేదు. నా చుట్టూ స్పిరిట్, నా చేతుల్లో స్పిరిట్.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. మేడమ్ బల్లలు చూసి మురిసిపోయింది. మా అత్తయ్య వేసిందని చెప్పాను. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. అంత సంతోషంగా ఉంటే ఇంకేం చేయాలో తెలియలేదు."

"ఎంత తాగావు?"

"ఒక గ్లాసు," అన్నాడు. "కాదు, రెండు. ఒకటని అబద్ధం చెప్పబోయాను."

"ముందు ఆ కిటికీ మూసెయ్యి," అన్నాను.

చొక్కా విప్పి తగిలించి, చేతులు కడుక్కుని, చుట్టూ తిరిగి వసారాలోకి వెళ్ళాను. గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలుసండీ. మలుపు దగ్గర అదే అనుకున్నాను. అత్తయ్య ముక్కు పనిచేయదు, పడుకుంటే తెల్లారిపోతుంది అని. అలా అనుకున్నానని తెలియగానే, తాగినందుకంటే ఎక్కువ భయం వేసింది. అందుకని ముందు వైపు రాకుండా ఇటే వచ్చేశాను."

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళ పాట్లు బూడిదపాలయ్యాయని ఏడుపొచ్చింది. ఆ రెంటినీ పక్కకి నెట్టి గర్వం వచ్చి కూర్చుంది. పెళ్ళిచూపుల్లో కూడా ఈ అల్లుణ్ణి చూసి నేను ఇంత గర్వపడలేదు. తువ్వాలు తెచ్చి తల తుడుచుకోమన్నాను.

"అమ్మాయికి మీరు చెప్తారా?" అని అడిగాడు.

"నేనెందుకు చెప్తాను? నోరు నీది."

అమ్మాయి వచ్చి ఇంకా గొడుగు మడవలేదు. అతను ఎదురుగా నిలబడి చెప్పేశాడు, రెండు గ్లాసులతో సహా. ఆమె మొహంలో రంగు పోయింది. గొడుగు అలాగే వదిలి లోపలికి వెళ్ళింది. మంచం కిందినించి బ్యాగు లాగిన చప్పుడు, జిప్పు చప్పుడు. నేను వెళ్ళి గది గుమ్మంలో నిలబడ్డాను.

"అడ్డమొచ్చినా ఆగనన్నాను," అంది ఇటు తిరక్కుండానే.

"ఆగమనట్లేదు. ఒక్క మాట విని సర్దు. ఇన్నేళ్ళూ నేను పట్టుకుంటే దొరికేవాడు. ఇవాళ ఎవరూ పట్టుకోలేదే. తనంతట తనే వచ్చి దొరికాడు."

"తాగే వచ్చాడు కదమ్మా."

"తాగే వచ్చాడు."

పక్కకి తప్పుకున్నాను. ఆమె చాలాసేపు సర్దింది. ఒక మనిషి బట్టలకి అంతసేపు ఎందుకు పడుతుందో నాకు అర్థం కాలేదు.

బ్యాగుతో బయటికొచ్చింది. అల్లుడు చెయ్యి చాచి బ్యాగు అందుకుని, చెప్పుల కోసం వంగాడు.

"జాగ్రత్త, అందులో నావీ ఉన్నాయి," అంది అమ్మాయి.

అతను వంగినవాడు వంగినట్టే తలెత్తి చూశాడు.

"సెంటర్లో మొదటి రాత్రి తోడు ఒకరు ఉండొచ్చన్నారుగా. పోస్టాయనకి ఫోన్ చేశాను. ఆయన గేటు దగ్గరికి వస్తానన్నారు. పద."

"నన్ను పంపించేస్తున్నావనుకున్నాను."

"అందుకే తీశాను బ్యాగు," అంది. "నీ చొక్కా మడతపెడుతుంటే గుర్తొచ్చింది. నేను అడక్కుండా నువ్వు నాకు నిజం చెప్పడం ఇదే మొదలు. ఇంకోసారి తాగొచ్చి చెప్తే ఏం చేస్తానో నాకు తెలియదు. దాని మీద ధీమా పెట్టుకోకు. ఇవాళ్టికి పద."

ఇద్దరూ ఒకే గొడుగు కింద వెళ్ళారు. గొడుగు ఆమె చేతిలో ఉంది. అతని ఒక భుజం తడుస్తూనే ఉంది, ఆమె గొడుగుని కొంచెం అటు వంచింది. మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను.

ఆ కాసేపు తెరిచిన కిటికీలోంచి తేమ తగిలి చివరి బల్లకి ఆ వైపు అంచు తెల్లబారింది. నేను దిగులు పడలేదు. రెండు రోజులాగి, మంచి ఎండ కాసిన పూట చూసి, పల్చగా ఇంకో పూత వేశాను. అద్దం అవతల తట్టేవాళ్ళెవరూ లేరు. నెమ్మదిగా వెళ్ళమని నాకు నేనే చెప్పుకున్నాను.

లైబ్రరీ తెరిచిన రోజున ఎండ పెళ్ళుమని కాసింది. అల్లుడు అప్పటికి సెంటర్ నుంచి వచ్చేశాడు. అమ్మాయి దుకాణంలో అడిగి పూటంతా సెలవు తీసుకుంది. ఆ పొడుగు గదిలో కిటికీలన్నీ బల్లల్లో తలకిందులుగా కనపడుతున్నాయి. జనం కూర్చోడానికి మొహమాటపడుతున్నారు. ఎవరో ఒకాయన వేలితో తాకి చూసి, "ఎవరండీ ఈ పాలిష్ వేసింది?" అన్నాడు.

"మా అత్తయ్య!" అన్నాడు అల్లుడు. గదంతా మార్మోగింది. అందరూ ఇటు తిరిగారు.

"ష్," అంది మేడమ్. అన్నాక తనే నవ్వేసింది.

నేనూ అల్లుడూ ఆ తెల్లబారిన అంచు కోసం వెతికాం. బల్ల బల్లకీ వంగి, పక్క నుంచి చూసి, వెలుతురుకి అడ్డంగా చూసి. అతని కళ్ళు పాలిష్ తప్పుల్ని పట్టుకోవడంలో నా పాత ముక్కు లాంటివి. అయినా దొరకలేదు.

"ఏ బల్లండీ అది?" అన్నాడు చివరికి.

"నాకూ తెలియట్లేదు," అన్నాను. మా ఆయన ఉంటే ఏమనేవారో ఊహించుకుని కాసేపు ఒక బల్ల దగ్గర కూర్చున్నాను.

వచ్చేటప్పుడు మేడమ్ నన్ను పక్కకి పిలిచింది. ఆవిడకి గుసగుస కొత్త కాదు గానీ, ఆ గుసగుస వేరు.

"మీ అల్లుడు పూర్తిగా మానేశాడా?"

"ఇవాళ తాగలేదమ్మా."

"మీకెలా తెలుసు?"

"చెప్పాడు."

ఆవిడ ఇంకేదో వింటాననుకుని కాసేపు నా మొహంలోకి చూసింది. నేను చెప్పులు తొడుక్కున్నాను.

నా ముక్కు మళ్ళీ బాగుపడలేదు. పాలు పొంగుతూనే ఉంటాయి, బట్టలు తడుస్తూనే ఉంటాయి. పాలిష్ పని నాదైపోయింది, ఇంటి బోర్డు మీద ఆ సంగతి అమ్మాయి రాయించింది కూడా. చెక్క పనంతా అల్లుడిది. సాయంత్రం అతను ముందు గుమ్మంలోంచి రాడు. వెనక వసారాలోకి వచ్చి అద్దం మీద రెండుసార్లు తడతాడు. నేను గుడ్డ ఎత్తి, చేతులు తుడుచుకుని అటు వెళ్తాను. "ఇవాళ లేదత్తయ్యా" అంటాడు. ఆ చలికాలంలో ఒకసారి "ఇవాళ ఉంది" అని కూడా అన్నాడు. మళ్ళీ బ్యాగు, ఈసారి గొడుగు లేకుండా మళ్ళీ సెంటర్ దారి. ఆ తర్వాత మళ్ళీ "లేదు"లే.

ఒక్కోసారి అతను తట్టేసరికి నేను బల్ల నడిమధ్యన ఉంటాను. అలాంటప్పుడు రెండోసారి తట్టడు. మధ్యలో ఆపకూడదని నాకు నేర్పినవాడు కదా. చెప్పాల్సిన మాట నోట్లో పెట్టుకుని, నేను అంచుకి చేరేదాకా అద్దం అవతల నిలబడే ఉంటాడు. వాన పడుతున్నా అక్కడే ఉంటాడు.